పన్నెండు మెట్ల మీద పాట

మొగులయ్య కిన్నెరను మొదటిసారి చూసేవాళ్ళ కళ్ళు నెమలీకల మీదికి పోతాయి. ఆ తర్వాత అద్దం బిళ్ళల మీదికి, పూసల దండల మీదికి. అవి అక్కడ ఉన్నదే అందుకు. ఊరి నడుమ నిలబడి పాడేవాడి ముందు మొదట నలుగురు ఆగాలి. ఆగినవాళ్ళే వింటారు. పనితనం చూడదలచుకున్నవాళ్ళు మాత్రం ఆ సింగారాన్ని కాసేపు పక్కకు జరిపి లోపలి సరుకు చూడాలి. ఒక వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం, మెట్లు, తీగ, కాస్త కొమ్ము. ఇంతే. ఇందులో తీగ ఒక్కటి బజారులో కొనాలి, మిగతాది చాలామటుకు అడవీ పెరడూ ఇచ్చేదే. ఈ కాసింత సామానుతో ఒక్క మనిషి, మైకు లేకుండా, పక్కన వంతపాటగాడు లేకుండా, రాత్రి పొద్దుపోయేదాకా ఒక కథను నడిపించగలడు. ఎలా నడిపిస్తాడో తెలుసుకోవాలంటే వాద్యాన్ని విడిగా, గొంతును విడిగా, కథను విడిగా చూసి, మళ్ళీ మూడింటినీ కలిపి చూడాలి.

దర్శనం మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. నల్లమల అంచు. కులం డక్కలి. 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు నాలుగైదు నెలల ముందే ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించిన గొంతుగా రెండు రాష్ట్రాలకూ తెలిశాడు. ‘బలగం’ సినిమా చివర్లో భార్యతో కలిసి పాడి ఊళ్ళకు ఊళ్ళనే ఏడిపించిన మొగిలయ్య వేరు, ఈయన వేరు. ఆయనది వరంగల్ వైపు దుగ్గొండి, ఈయనది పాలమూరు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకరిని మరొకరుగా పొరబడటం సులువు.

మొగులయ్య ఊరికి దూరంగా, ఇక్కడ సికింద్రాబాద్ లాలాగూడలో తీగ వాద్యం అనగానే గిటారే ముందు గుర్తొస్తుంది. 1893లో నిజాం రైల్వే ఇక్కడ క్యారేజీ వర్క్‌షాపు పెట్టింది. దాని చుట్టూ వెలసిన క్వార్టర్లలో ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. క్రిస్మస్ దగ్గరపడితే ఆ వాకిళ్ళలో గిటారు, జిమ్ రీవ్స్ పాటలు వినిపించేవి. ఆ దారిన అమెరికా పల్లెపాట మీద మక్కువ పెంచుకున్నవాళ్ళు ఇక్కడ ఇప్పటికీ కనిపిస్తారు. అందులో కొందరు ఇంకో అడుగు వేసి బ్లూగ్రాస్ దాకా వెళ్ళారు. కెంటకీ, టెనెసీ కొండల వైపు మనుషుల పాట అది. బాంజో, ఫిడేలు, మాండలిన్, గిటారు. వాటి మీద గొంతు చించుకుని ఎత్తుగా పాడే కథలు. ‘మనకిలాంటిది లేదే’ అని వాళ్ళు అంటుంటే విన్నాను. ఉంది. సికింద్రాబాద్ నుంచి శ్రీశైలం దారి పట్టుకుంటే నల్లమల అంచునే ఉంది.

పోలిక ఊరికే తేలేదు. బ్లూగ్రాస్‌కు పేరు పెట్టించిన బిల్ మన్రో 1911లో కెంటకీలో రోజీన్ అనే పల్లెలో పుట్టాడు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. ఫిడేలు, గిటారు అన్నలు తీసేసుకుంటే వీడికి మాండలిన్ మిగిలింది. తల్లిదండ్రులు పోయాక మేనమామ పెండిల్టన్ వాండివర్ పంచన చేరాడు. మామ ఊళ్ళలో నృత్యాలకు ఫిడేలు వాయించడానికి వెళ్తే వెనక గిటారు పట్టుకుని వెళ్ళేవాడు. ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారు విద్వాంసుడి దగ్గర లయ పట్టాడు. 1939లో నాష్‌విల్ రేడియో వేదిక ఎక్కేనాటికి అతని చేతిలో ఉన్నదంతా ఆ మామ, ఆ షుల్ట్జ్ ఇచ్చిందే. బాంజో సంగతి ఇంకా దగ్గరిది. ఇవాళ లోహపు చట్రంతో మెరిసే ఆ వాద్యానికి మూలం పశ్చిమ ఆఫ్రికాలో సొరబుర్రకు తోలు మూసి తీగ కట్టిన వాద్యాలు. బానిసలుగా ఓడలెక్కించిన మనుషులు ఆ విద్యను జ్ఞాపకంలో పెట్టుకుని అమెరికా చేరి, అక్కడ దొరికిన బుర్రలతో మళ్ళీ చేసుకున్నారు. సొరకాయ తీగ పాకిన చోటల్లా పాట పాకింది.

ఇక కిన్నెర దగ్గరికి వద్దాం.

మొదట వెదురు. తీగను బిగించామంటే అది రెండు కొసలనూ దగ్గరికి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు బొంగు విల్లులా వంగితే తీగకూ మెట్లకూ మధ్య ఎత్తు మారిపోతుంది, పలికే స్వరం తప్పుతుంది. అందుకని వాద్యానికి వెన్నెముకగా ఉండే దండి వంగకూడదు. వంగకుండా ఉండేంత గట్టి కర్ర పెడితే బరువెక్కుతుంది. ఊరూరూ భుజాన మోసుకు తిరిగేవాడికి అది పనికిరాదు. వెదురు ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీరుస్తుంది. లోపల డొల్ల, అందుకని తేలిక. నార కొస నుంచి కొసదాకా నిలువునా ఉంటుంది, అందుకని లాగుడుకు తట్టుకుంటుంది. నడుమ నడుమ గణుపులు బొంగును నొక్కుకుపోకుండా పట్టి ఉంచుతాయి. లేత వెదురు ఎండేకొద్దీ ముడుచుకుని పగుళ్ళిస్తుంది కాబట్టి ముదిరి, నీడన ఎండినదే పనికొస్తుంది.

తర్వాత బుర్రలు. తీగ ఎంత గట్టిగా మీటినా సన్నని వస్తువు, గాలిని పెద్దగా కదిలించలేదు. ఆ అదురును గాలికి అందించే పెద్ద ఒళ్ళు ఒకటి కావాలి. ఫోన్‌లో పాట పెట్టి ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెడితే ఏం జరుగుతుందో చూసినవాళ్ళకు బుర్ర చేసే పని చెప్పనక్కర్లేదు. సొరకాయను కోయకుండా తీగకే ముదరనిస్తారు. తొక్క చెక్కబారుతుంది, లోపలి గుజ్జు ఎండి గింజలు గలగలలాడతాయి. అప్పుడు గుజ్జూ గింజా తీసేసి శుభ్రం చేస్తే మిగిలేది పలుచని, గట్టి, దాదాపు బరువులేని గోళం. పల్లెల్లో ఈ బుర్రల్ని నడుముకు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్న తరం ఇంకా ఉంది. వాటిలో నీళ్ళు మోశారు, కల్లు మోశారు. వాటిని పాటకు పెట్టినవాడు గమనించింది ఒకటే: గోడ ఎంత పలుచగా, ఎంత గట్టిగా ఉంటే అదురు అంత సులువుగా పడుతుంది. వడ్రంగి పనసచెక్కను రోజుల తరబడి తొలిచి సాధించే పలుచదనాన్ని సొరపాదు ఒక పంట కాలంలో కాయించి ఇస్తుంది.

కిన్నెరకు బుర్ర ఒకటి కాదు, ఒకటికి మించి ఉంటాయి. ఒక్కో బుర్రలోని గాలికి దాని సైజును బట్టి తనకంటూ ఒక గొంతు ఉంటుంది. పెద్దది కింది స్వరాలను, చిన్నది పై స్వరాలను బాగా మోస్తుంది. ఒకే బుర్ర ఉంటే కొన్ని స్వరాలు మోగి, కొన్ని వెలవెలబోతాయి. రెండు మూడు ఉంటే ఆ గుంటలు చాలామటుకు పూడుతాయి. దానితోపాటు బరువు కూడా ఒకవైపు ఒరగకుండా సర్దుకుంటుంది. నిలబడి, నడుస్తూ వాయించేవాడికి ఈ రెండో సంగతి తక్కువదేం కాదు.

అసలు నేర్పు మెట్లలో ఉంది. మెట్టు అంటే తీగ కింద అడ్డంగా నిలిపిన చిన్న గట్టు. వేలు నొక్కినప్పుడు తీగ దాని మీద ఆనుతుంది, అక్కడి నుంచి అవతలి కొసదాకా ఉన్న భాగం మాత్రమే పలుకుతుంది. తీగ పొట్టిదైతే స్వరం పెరుగుతుంది. ఎంత పొట్టిదైతే ఎంత పెరుగుతుందన్నది లెక్క. పలికే తీగ పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం. సరిగ్గా సగంలో, 30 దగ్గర మెట్టు పెడితే పై షడ్జం. పలికే భాగం 40 ఉండేలా పెడితే పంచమం. 45 ఉంటే మధ్యమం. షడ్జం పక్కనున్న రిషభానికి 53.3 కావాలి, అంటే తీగ మొదలు నుంచి 6.7 సెంటీమీటర్లు వదిలి మెట్టు పెట్టాలి. అదే రిషభం పై స్థాయిలో కావాలంటే 30 నుంచి 26.7కు రావాలి, వదలాల్సింది 3.3 మాత్రమే. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గర పడుతున్నట్టు కనపడేది ఇందుకే. పై మెట్టు ఒక్క మిల్లీమీటరు జరిగితే, కింద అదే మిల్లీమీటరు జరిగినదానికి రెట్టింపు అపస్వరం వినిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. వేలితో తీగను మెట్టు మీదికి నొక్కడమంటే దాన్ని కొంచెం సాగదీయడమే. సాగిన తీగ స్వరం కొంచెం పెరుగుతుంది. తీగకూ మెట్టుకూ మధ్య ఎంత ఎడముంటే అంత ఎక్కువ పెరుగుతుంది. కాబట్టి స్కేలుతో కొలిచి పెట్టిన మెట్టు చెవికి తప్పుగానే వినిపిస్తుంది. చేసేవాడు మెట్టును చెవితో జరుపుతూ జరుపుతూ దాని చోటు కనుక్కోవాలి. జరపడానికి వీలుండాలి, చోటు దొరికాక మళ్ళీ కదలకూడదు. మేకు కొడితే జరగదు. తాడు కడితే సడలవచ్చు. తేనెమైనం రెండూ చేస్తుంది. సెగ చూపిస్తే మెత్తబడి మెట్టును జరపనిస్తుంది, చల్లారితే పట్టుకుంటుంది. ఎండాకాలం గడిచాక ఏదైనా మెట్టు ఒరిగితే మళ్ళీ సెగ చూపించి, మీటి, విని, నిలబెట్టుకోవచ్చు. పనిముట్లేవీ అక్కర్లేదు. నల్లమలలో చెంచులు తేనె తీసే అడవి పక్కనే కిన్నెర ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఈ మైనం పని చిన్నదని అనుకునేవాళ్ళు సరస్వతీ వీణను ఒకసారి తలుచుకోవాలి. బొబ్బిలిలో పనసమానుతో చేసే వీణకైనా, తంజావూరు వీణకైనా 24 కంచు, ఇత్తడి మెట్లను నిలిపేది నల్లని మైనం గట్టే. కచేరీ వీణా, డక్కలి కిన్నెరా ఒకే ఉపాయం మీద నిలబడి ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని వాదించుకోవచ్చు గానీ, కిన్నెర చాలా పాతదన్న దాంట్లో వాదం లేదు. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు రాసిన ‘సంగీతరత్నాకరం’ కిన్నరీ వీణ నిర్మాణాన్ని వివరంగా చెప్పింది. అదే శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. కిన్నెర వాయించి శివుణ్ణి కొలిచిన భక్తుడాయన. కొలువులోనూ గుళ్ళోనూ ఉన్న వాద్యం ఊరి చివర డక్కలి ఇంట్లో మిగిలింది. నేనైతే దీన్ని వాద్యం దిగజారడం అనను. పట్టు వదలని చేతుల్లో అది బతికింది.

వెనకటి కిన్నెరల్లో మెట్లకు ఎముక ముక్కలు, అలుగు పెంకులు వాడేవారు. తీగకు నరాలు, మెలేసిన వెంట్రుకలు. అలుగు ఇప్పుడు చట్టం కాపాడుతున్న జంతువు, దాని పెంకు ముట్టుకోకూడదు, ముట్టుకోనక్కర్లేదు కూడా. ఉక్కుతీగ వచ్చి నరాన్ని పక్కకు నెట్టింది. ఉక్కు గట్టిగా, నిక్కచ్చిగా మోగుతుంది. బయలులో అది లాభమే. మొగులయ్య కిన్నెరకు పన్నెండు మెట్లు, అంతకన్నా తక్కువ మెట్ల కిన్నెరలూ ఉన్నాయి. పన్నెండు మెట్లంటే పాటకు మరింత మైదానం దొరికినట్టు, దానికి తగ్గట్టు వేళ్ళకు మరింత పని పడినట్టు.

ఇప్పుడు గొంతు. మొగులయ్య గొంతు తీయని గొంతు కాదు. ఎత్తుగా, నేరుగా, అంచు పదునుగా ఉంటుంది. బ్లూగ్రాస్ గాయకుల గొంతును అక్కడివాళ్ళు ఒంటరి కొండమీద కేకతో కలిపి మాట్లాడతారు. ఆ ఎత్తు, ఆ పదును ఇక్కడా ఉన్నాయి. కారణం రెండుచోట్లా ఒకటే. మైకు లేని రోజుల్లో బయట పాడేవాడి గొంతు తీగ మోతను దాటుకుని, కుక్కల అరుపులనూ పిల్లల గోలనూ దాటుకుని చివరి వరసకు చేరాలి. కింది స్థాయిలో గుంభనంగా పాడితే ముందు వరస దాటదు. అందుకని పాటను ఎత్తులో ఎత్తుకోవాలి, మాటను నమలకుండా పలకాలి. కథ చెప్పేవాడి మాట అర్థం కాకపోతే ఎంత బాగా పాడినా జనం లేచి పోతారు.

వాద్యమూ గొంతూ కలిసే చోట ఒక చక్కని అమరిక ఉంది. మొగులయ్య ఒక పాదం పాడతాడు, కిన్నెర దాని వెంటే ఆ వరసను పట్టుకు నడుస్తుంది. పాదం అయ్యాక గొంతు ఆగుతుంది, కిన్నెర ఆగదు. అదే వరసను మళ్ళీ మీటుతుంది. వినేవాడికి అది అందం. పాడేవాడికి అది ఊపిరి. ఇంకొకటి కూడా: ఆ రెండు మూడు సెకన్లలో తర్వాతి పాదం జ్ఞాపకంలోంచి పైకి రావాలి. కాగితం లేని పాటగాళ్ళ పద్ధతి ప్రపంచమంతటా ఇదే. 1930లలో మిల్‌మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్ అనే అమెరికన్ పండితులు యుగోస్లావియా ఊళ్ళు తిరిగి, గుస్లె అనే ఒంటితీగ వాద్యం మీద వేల పాదాల వీరగాథలు పాడేవాళ్ళను రికార్డు చేశారు. వాళ్ళు కథను బట్టీ పట్టడం లేదని, సిద్ధంగా ఉన్న మాటల కూర్పులతో పాడే క్షణంలోనే కథను అల్లుతున్నారని తేల్చారు. వీరుడు గుర్రమెక్కడానికి ఒక అచ్చు, పెళ్ళికి ఒక అచ్చు, చావుకు ఒక అచ్చు. పాడేవాడు అచ్చులు మారుస్తూ పోతాడు. మన బుర్రకథ, ఒగ్గుకథ విన్నవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. కిన్నెర కథలోనూ అంతే. ఒకటే తేడా. బుర్రకథలో ఊపిరి తీసుకునే సందును వంతలిద్దరు ‘తందాన’ అంటూ నింపుతారు. ఒగ్గుకథలో డోలు నింపుతుంది. కిన్నెర కథకుడు ఒంటరి కాబట్టి వంతలిద్దరి పనీ ఆ పన్నెండు మెట్లే చేయాలి.

పాడే కథల్లో పెద్దది పండుగ సాయన్న కథ. పాలమూరు సీమలో ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పంచాడని జనం చెప్పుకునే వీరుడు. మియాసాబ్ కథ మరొకటి. రాజులూ దేవుళ్ళూ కాని మనుషుల కథలు ఇవి. ఏ ఆస్థానకవీ వీటిని రాయలేదు, ఇన్నాళ్ళూ గొంతుల మీదే వచ్చాయి. తమ పెద్దలు వనపర్తి సంస్థానంలో కూడా కిన్నెర వాయించారని మొగులయ్య చెబుతాడు.

డక్కలి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ గాయకుడి వేరు అక్కడుంది. డక్కలివారు మాదిగలకు ఆశ్రిత కులం. వాళ్ళ వృత్తి మాదిగల ఇళ్ళకు వెళ్ళి జాంబపురాణం చెప్పడం, వంశాల వరస చదవడం, వాళ్ళిచ్చింది పుచ్చుకోవడం. అంటరానివారని ఊరు వెలివేసినవాళ్ళు కూడా వీళ్ళను ఒక అడుగు దూరంలో నిలబెట్టిన చరిత్ర ఉంది. ఆ అన్యాయాన్ని ఈ పాట అందం మాటున దాచకూడదు. అదే సమయంలో ఆ వృత్తి ఏం నేర్పిందో కూడా చూడాలి. ఎదుటివాడు ఎవరి కొడుకో, ఎవరి మనవడో, ఆ తాత ఎక్కడ పుట్టాడో, ఏ గుట్ట, ఏ వాగు పక్కన ఊరు కట్టాడో తడుముకోకుండా చెప్పాలి. చెప్పేటప్పుడు ఆ మనిషి తన గుడిసె వాకిట్లో నిలబడి ఉండగానే తానొక రాజవంశానికి వారసుణ్ణన్నట్టు తలెత్తుకోవాలి. అప్పుడే జోలెలో గింజలు పడతాయి. పొగడ్తను వంశవృక్షంగా నిలబెట్టే ఈ విద్య పుస్తకాల్లో దొరికేది కాదు.

ఇది మనసులో పెట్టుకుని ‘భీమ్లా నాయక్’ పాట మొదలు మళ్ళీ వినండి. 2021 సెప్టెంబర్ 2న, పవన్ కల్యాణ్ పుట్టినరోజున విడుదలైంది. సంగీతం తమన్, సాహిత్యం రామజోగయ్యశాస్త్రి. ఆ ఎత్తుగడ వరస చూస్తే అది డక్కలి పద్ధతికి ఎంత దగ్గరో తెలుస్తుంది. ముందు ఊరు కాదు, గుట్ట. గుట్ట తర్వాత వాగు, తండా. ఆ తర్వాత ఒక చెట్టు. చెట్టు కింద పురిటి నొప్పులు పడుతున్న తల్లి. వేగుచుక్క పొడుస్తుంది, బిడ్డ పుడతాడు. పుట్టాక తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ఇవన్నీ అయ్యాకే చిట్టచివర కథానాయకుడి పేరు. మామూలు సినిమా పాట కథానాయకుడి పేరుతో మొదలై అతని గొప్పలు చెబుతుంది. ఈ ఎత్తుగడ పేరును చివరిదాకా దాచి, దాన్ని నేల మీంచి, నెత్తురు మీంచి మెట్టు మెట్టుగా పైకి లేపుతుంది. పేరు వచ్చేసరికి వినేవాడు దానికోసం ఎదురుచూస్తుంటాడు. ఆ తర్వాత తమన్ డప్పులూ మిగతా గాయకుల గొంతులూ దూకుతాయి. దూకడానికి గట్టు మాత్రం మొగులయ్య కట్టాడు. నా లెక్కలో ఆ పాట మొత్తంలో అంత గట్టి పనితనం మరెక్కడా లేదు.

మొగులయ్య వేదిక దాకా వచ్చిన దారి పొడవైనది. ఊరూరూ తిరిగి పాడి, ఇచ్చింది పుచ్చుకుని బతికిన మనిషి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఇలాంటి వాద్యాలను, వాటిని పట్టుకున్న చేతులను ఏళ్ళ తరబడి వెతికి, రికార్డు చేసి, నగరంలో చూపించకపోతే కిన్నెర పేరు కూడా చాలామందికి తెలిసేది కాదు. ‘మూలధ్వని’ పేరుతో తిరుమలరావు, గూడూరు మనోజ కలిసి చేసిన పని వల్ల మూలపడ్డ వాద్యాలు వెలుగులోకి వచ్చాయి. 2015 ఉగాదికి తెలంగాణ ప్రభుత్వం మొగులయ్యను సత్కరించింది. ఎనిమిదో తరగతి పిల్లల పాఠంలో ఆయన సంగతి చేరింది. ఆ తర్వాత సినిమా. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటన, మార్చిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా పతకం. అదే ఏడాది అదే గౌరవం కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకూ దక్కింది.

మధ్యలో ఒక చిన్న సంగతి నాకు పద్మశ్రీ అంత ముఖ్యంగా అనిపిస్తుంది. 2021 చివర్లో ఆయన ఆర్టీసీ బస్సు మీద ఒక పాట కట్టి కిన్నెర మీద పాడాడు. అప్పటి సంస్థ ఎండీ సజ్జనార్ పిలిచి సన్మానించి, ఉచితంగా తిరిగేందుకు పాసు ఇచ్చారు. నవ్వుకుని వదిలేసే వార్త కాదిది. పండుగ సాయన్న గుర్రానికి ఉన్న అచ్చులో ఎర్రబస్సును కూచోబెట్టడం చూడండి. ఇంటిముందుకొచ్చి ఎదురుగా ఉన్నదాన్ని పొగిడి ప్రతిఫలం అందుకునే పాత వృత్తే అది. ఈసారి ఇంటి యజమాని స్థానంలో ఒక ప్రభుత్వ సంస్థ ఉంది, గింజల స్థానంలో బస్సు పాసు ఉంది. పాత విద్య కొత్త వస్తువును ఎంత సులువుగా మింగేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

బిల్ మన్రో 1945లో ఎర్ల్ స్క్రగ్స్‌ను బృందంలోకి తీసుకున్నాక బ్లూగ్రాస్‌కు ఇవాళ్టి రూపం వచ్చింది. స్క్రగ్స్ మూడు వేళ్ళతో బాంజో మీటే తీరును అమెరికా కుర్రాళ్ళు రికార్డులు నెమ్మదిగా తిప్పుకుంటూ నేర్చుకున్నారు. తర్వాత ఆయనే ఆ పద్ధతిని పుస్తకంగా వేశాడు. ఇప్పుడు అక్కడ విశ్వవిద్యాలయాల్లో బ్లూగ్రాస్ చదువుకోవచ్చు. మన్రో వాయించిన మాండలిన్ గిబ్సన్ కంపెనీ 1923లో చేసింది, అలాంటివి చేయగల కర్మాగారాలు, పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అంటే ఆ పాటకు వాద్యం చేసేవాడు, నేర్పేవాడు, నేర్చుకునేవాడు, వినేవాడు నలుగురూ ఉన్నారు. కిన్నెరకు ఇప్పుడు వినేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. మిగతా ముగ్గురి సంగతి ఏమిటి?

పద్మశ్రీ వచ్చిన రెండేళ్ళకు, 2024 మేలో మొగులయ్య హైదరాబాద్ శివార్లలో తుర్కయంజాల్ దగ్గర ఇళ్ళ కట్టుబడి పనిలో కూలికి వెళ్తున్నాడని పత్రికలు ఫొటోలతో రాశాయి. చదివినవాళ్ళు జాలిపడ్డారు, సాయాలు ప్రకటించారు. జాలి పడాల్సిన సంగతే, కానీ అందులో పనితనానికి సంబంధించిన నష్టం ఎవరూ పెద్దగా లెక్క వేయలేదు. సెగ మీద మైనాన్ని మెత్తబరచి, చెవితో మెట్టు చోటు కనుక్కునే వేళ్ళు ఇటుకలు మోస్తే రెండో రోజుకే తేడా వస్తుంది. అదే 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ వచ్చింది. సొరబుర్ర మీద నిలిచిన మరో వాద్యం, పాలమూరు వైపే మరో ముసలి గొంతు. పతకాలు సరైన ఇళ్ళకే చేరుతున్నాయి. ఆ ఇళ్ళకు నేర్చుకునే పిల్లలే చేరడం లేదు.

సికింద్రాబాద్‌లో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. లాలాగూడ నుంచి ఆటోలో పోయేంత దూరం. అక్కడ వీణ నేర్పుతారు. వీణకు మైనంతో మెట్లు కట్టే ఉపాయమే కిన్నెరదీ కాబట్టి, ఆ గది పక్కన కిన్నెరకు ఒక గది ఇవ్వడానికి శాస్త్రం అడ్డు రాదు. కావాల్సింది మొగులయ్యకో, ఆయన చెప్పే మరో డక్కలి కళాకారుడికో అధ్యాపకుడి కుర్చీ, అధ్యాపకుడి జీతం. సన్మానం శాలువా కాదు, నెలనెలా జీతం. పాటతోపాటు వెదురు ఎంచడం, బుర్ర ఎండబెట్టడం, మెట్టు నిలపడం కూడా పాఠ్యాంశంలో ఉండాలి. లేకపోతే నేర్చుకున్న పిల్లవాడు వాద్యం విరిగిన రోజున ఆగిపోతాడు. ఈ మాట కళాశాలకు, సాంస్కృతిక శాఖకు రాయగలిగినవాళ్ళు రాయండి. పెరట్లో సొరపాదు ఉన్నవాళ్ళు ఈ ఏడు ఒక మంచి కాయను కోయకుండా ముదరనివ్వండి.